గంట కొట్టినా ఆగని చేతులు

ఆస్పత్రుల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే కార్ఖానాలో, కళ్ళజోడు అక్క చెయ్యి వేడి రోలరులోకి పోయింది. అందరం చూశాం. పరుగున వచ్చిన మేనేజరు ముందు చూసింది ఆమె చెయ్యి కాదు, దుప్పటికంటిన రక్తం.

"అజాగ్రత్త మనిషి. విచారణకి ఆఫీసరొస్తాడు, ఆ మాటే చెప్పండి. చెప్పినవాళ్ళని పర్మనెంటు చేస్తాను" అన్నాడు మాతో.

మాతో అంటే, సరిహద్దు దాటి వచ్చినవాళ్ళతో. కార్ఖానాలో సగంమందిమి మేమే. యుద్ధం ఇల్లూ వాకిలీ మింగేశాక, శిబిరంలో పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడగా నిలబడగా దొరికిన పని ఇది. పని పోతే మళ్ళీ శిబిరానికే. అందుకే విశ్రాంతి గంట కొట్టినా మేం రోలరు వదిలేవాళ్ళం కాదు. వదలొద్దని ఎవరూ అనలేదు. ఈ ఊరికి బరువు కాదని చూపించుకోవాలని మా ఉడుతాభక్తి.

ఊరివాళ్ళు గంట కొట్టగానే రోలరు ఆపి కూర్చునేవారు. వాళ్ళలో పెద్దది కళ్ళజోడు అక్క. నాకు మొదట్లోనే చెప్పింది. "కూర్చోవే తల్లీ. నువ్వు కూర్చోకపోతే రేపు నన్నూ కూర్చోనివ్వరు." నేను నవ్వి ఊరుకున్నాను. ఒళ్ళు వంగని మనుషులని మాలో మేం ఎగతాళి చేసుకున్నాం కూడా. మేనేజరు మమ్మల్ని చూపించి వాళ్ళను దెప్పాడు, రోలరు వేగం పెంచాడు, చివరికి గంటే తీసేశాడు. ముసలి చేతులు ఆ వేగాన్ని అందుకోలేకపోయాయి. చెప్పడానికి సిగ్గుగా ఉంది, మిత్రులారా. మా మంచితనం చూసుకునే వాడికి అంత ధైర్యం వచ్చింది.

ఆ సాయంత్రం మావాళ్ళంతా మా గదిలో చేరారు. చోటు చాలక సగంమంది గోడకానుకుని నిలబడ్డారు.

"వాళ్ళ గొడవ మనకెందుకు?" అన్నాడు బట్టల బండి తోసే బాబాయి.

"ఆమె చెయ్యి కాలితే నీకు పర్మనెంటా?" అంది మా అమ్మ.

"శిబిరానికి పోతావా వదినా? నీ మనవరాలు ఇప్పుడిప్పుడే తలుపున్న గదిలో పడుకుంటోంది."

నిద్రపోతున్న నా కూతురి వైపు చూసి నేనే అన్నాను. "వేగం పెంచింది వాడు. పెంచనిచ్చింది మనం. ఆఫీసరుతో నేను అదే చెప్తాను."

"ఒక్కదానివి చెప్తే నిన్నొక్కదాన్నే గెంటుతారు." బాబాయి నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "చెప్తే అందరం చెప్పాలి" అన్నాడు.

అందరం చెప్పాం. మర్నాడు గేటు మా మొహానే మూశారు. లోపలికి వెళ్ళబోతున్న ఊరివాళ్ళు మమ్మల్ని చూసి ఆగిపోయారు. లోపలికైతే వెళ్ళలేదు గానీ మాకు ఎడంగా కూర్చున్నారు. వాళ్ళను తప్పుపట్టలేను.

కాసేపటికి చేతికట్టుతో అక్క వచ్చింది. ఎదురెళ్ళి, "నన్ను క్షమించక్కా" అన్నాను.

"క్షమిస్తే చెయ్యొస్తుందా? అదంతా తర్వాత. అటు చూడు."

గేటు ముందు వ్యాను ఆగింది. శిబిరం నుంచి కొత్తవాళ్ళు దిగుతున్నారు. నున్నగా తల దువ్వుకుని, పని చెప్పకముందే చొక్కా చేతులు పైకి మడుచుకుని.

"నీవాళ్ళే. నేను చెబితే వింటారా? నువ్వు విన్నావా?" అంది అక్క.

వెళ్ళి ముందు దిగినామెకు అడ్డం నిలబడ్డాను. లోపలికి వెళ్ళొద్దన్నాను.

"తప్పుకోమ్మా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టమంటావా?" అంది.

ఆమె మణికట్టు పట్టుకుని అక్క దగ్గరికి తీసుకొచ్చాను. ఆమె ఆ కట్టు చూసింది.

"ఎవరు చేశారిది?"

"మేనేజరు. నేనూ" అన్నాను.

ఆమె వ్యాను వైపు తిరిగి, "ఎవరూ లోపలికి పోకండి" అని కేకేసింది. వచ్చి రోడ్డు మీదే చతికిలబడింది. అక్క పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చింది. నా వైపు చూడలేదు. ఇంకా వ్యాను దిగుతున్నవాళ్ళున్నారు. నేను రెండోమనిషి కోసం వెళ్ళాను.