వారు ఒక్కరే

ప్రూఫుగారికి అర్జీ రాయడమంటే మహా సరదా. ముప్పై ఎనిమిదేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. ఆ పేరే స్థిరపడిపోయి, అసలు పేరు ఆయనకే ఓ పట్టాన గుర్తురాదు. పని మానేసినా కళ్ళు ఊరుకోవు. దుకాణం బోర్డు మీద దీర్ఘం ఎగిరిపోతే లోపలికి వెళ్ళి మరీ చెప్పి, చీవాట్లు తిని వస్తారు. చుట్టుపక్కల ఎవరికి ఏ అర్జీ కావాలన్నా ఆయనే దిక్కు. అలాంటి మనిషికి ఈసారి సొంత పని పడింది. వదిన కోసం.

వదిన ఆ ఇంటికి వచ్చేనాటికి ఆయనకు ఆరేళ్ళు, తల్లి లేదు. ముక్కు తుడిచింది, అక్షరాలు దిద్దించింది, అబద్ధమాడితే చెవి మెలేసింది, అన్నీ ఆవిడే. అన్న పోయి పన్నెండేళ్ళయింది. వాళ్ళకు పిల్లల్లేరు. ఆవిడ నాలుగో అంతస్తులో ఒంటి గదిలో ఉంటుంది. ఆయన రెండు వీధుల అవతల మగవాళ్ళ లాడ్జిలో, మరో ఇద్దరితో కలిసి ఒక గదిలో సర్దుకుంటారు. రోజూ పొద్దున్నే పాలప్యాకెట్టు పట్టుకుని వదిన దగ్గరికి వస్తారు, సాయంత్రం వెళ్తారు.

రెండేళ్ళ కిందట ఆవిడకు తుంటి ఎముక విరిగింది. ఆ బిల్డింగుకి లిఫ్టు లేదు. ఆసుపత్రి వాళ్ళు స్ట్రెచరు మీద పైకి చేర్చి వెళ్ళారు, అంతే. అప్పట్నుంచి ఆవిడ కిందికి దిగింది లేదు. కిటికీ తెరిస్తే ఎదుటి బిల్డింగు గోడ. అదొక్కటే ఆవిడ చూసే లోకం.

ఒంటరి ముసలివాళ్ళకు గృహవసతి ఆఫీసు వాళ్ళు కింది అంతస్తులో గదులిస్తున్నారనీ, ఈ వీధి చివరే ఒకటి ఖాళీ అయిందనీ ప్రూఫుగారే కనుక్కుని వచ్చారు.

"వస్తుందంటావా?" అంది వదిన.

"రాకేం వదినా? మీకు కాకపోతే ఇంకెవరికిస్తారు?"

"పెద్ద ఆశలేం లేవురా. గుమ్మం దాటితే నేల ఉండాలి. అంతే."

మూడు చిత్తుప్రతులు చించాక నాలుగోది ఆయనకు నచ్చింది. 'మా వదినగారు పెద్దవారు. వారు నాలుగో అంతస్తులో ఒంటరిగా నివసిస్తున్నారు. వారు మెట్లు దిగలేరు. కావున వారికి కింది అంతస్తు గది ఇప్పించవలసిందిగా ప్రార్థన.' ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో వేయమని ఫారంలో ఒక గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేశారు. ఒంటరిగా అని రాశాక మళ్ళీ అంకె వేస్తే పునరుక్తి దోషమట! ఆ చాదస్తమే కొంప ముంచింది.

నలభై రోజులకు అర్జీ తిరిగొచ్చింది. ప్రూఫుగారు దాన్ని పట్టుకుని ఆఫీసుకు పరిగెత్తారు. కిటికీ వెనకాల గుమాస్తా మంచివాడే. మంచివాడు కావడం వల్ల ఎవరికీ పైసా ఉపయోగం లేదు గానీ, మాట మెత్తన.

"వారు అంటే ఎంతమందండీ?" అన్నాడు.

"ఒక్కరే."

"మరి ఒక్కరైతే వారు అన్నారేం? వారు నివసిస్తున్నారు, వారు దిగలేరు... పైవాళ్ళు ఇదేదో పెద్ద సంసారమనుకున్నారు. కుటుంబాల జాబితాలో వేసేశారు."

"ఒంటరిగా అని రాశాను కదయ్యా!"

"బంధువులకు దూరంగా ఉంటున్నారు కాబోలు అనుకున్నారండీ. గడిలో ఒకటి అని వేసుంటే ఈ తంటా లేకపోను. మళ్ళీ పెట్టుకోండి. గారు, వారు వద్దు. ఒంటరి అంటే చాలడం లేదు, ఎవరూ లేరని విడమరిచి రాయండి."

ప్రూఫుగారికి ఒళ్ళు మండింది. "మీ అమ్మగారి గురించి అర్జీ పెట్టాల్సొస్తే నువ్వలాగే రాస్తావా?"

"మా అమ్మ గురించి నేను అర్జీ పెట్టనండీ," అన్నాడు గుమాస్తా. "నేను ఇక్కడే పనిచేస్తున్నాను కదా."

ఆ రాత అంతా ఇంతా హింస కాదు. తల్లిలాంటి మనిషిని 'ఆమె' అని రాయడానికి చెయ్యి రాలేదు. పైగా 'ఆమె మెట్లు దిగలేదు' అని రాస్తే, దిగడం చేతకాదనా, ఇవాళ దిగలేదనా? పాపం, ఆ బాధ ఒకటి. చివరికి ఇలా కుదిరింది. 'ఆమె ఒక్కతే. మెట్లు దిగడం ఆమెకు సాధ్యం కాదు. ఆమెకు ఎవరూ లేరు.' గడిలో ఒకటి అంకె ఎంత పెద్దదిగా వేశారంటే, గడి దాటి బయటికొచ్చింది. వదిన చెయ్యి వణుకుతుంది కాబట్టి కింద తనే సంతకం చేసి, పక్కన మరిది అని రాశారు.

వదిన భూతద్దం పెట్టుకుని చదివింది. ఆవిడ వేలు చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది.

"ఎవరూ లేరా?" అంది. "నువ్వేమయ్యావురా మరి?"

ప్రూఫుగారు నీళ్ళు నమిలారు. "అది ఆఫీసు భాష వదినా. అలా రాయాలిట."

"రోజూ పాలు తెచ్చేదెవరు మరి, ఆఫీసా?"

ఆవిడ కాగితాన్ని మడిచి ఇచ్చేసి గోడవైపు తిరిగి పడుకుంది. "పో. ఇచ్చి రా," అంది. అరవై మూడేళ్ళలో ఆవిడ మనసు కష్టపెట్టిన సందర్భాలు ఆయనకు వేళ్ళ మీద లెక్క. ఇది వాటన్నిటికంటే పెద్దది.

రెండో జవాబు పన్నెండో తేదీన వచ్చింది. ఎవరూ లేరని మరిది రాసి ఇచ్చినందువల్ల, మరిది ఉన్నట్టు రుజువైనదట. నిజంగా ఒంటరివారైతే పదిహేనో తేదీ సాయంత్రం అయిదులోగా స్వయంగా ఆఫీసుకు వచ్చి సంతకం చేయాలట. లేకపోతే ఆ గది జాబితాలో తరవాతివాళ్ళకు పోతుంది.

"ఆవిడ దిగలేరనే కదయ్యా అర్జీ!" అన్నారు ప్రూఫుగారు, కిటికీ చువ్వలు పట్టుకుని.

"దిగలేకపోతే ఆ సంగతి అర్జీ పెట్టుకోమనండి."

"పెట్టాం కదా!"

"అది మీరు పెట్టారండీ. అందుకేగా చెల్లలేదు."

"పోనీ, ఇంటికొచ్చి సంతకం తీసుకునేవాళ్ళెవరూ లేరా?"

"ఆ పోస్టు ఉందండీ," అన్నాడు గుమాస్తా, కళ్ళు దించుకుని. "ఆరేళ్ళుగా ఖాళీగా ఉంది."

సామాన్లు మోసేవాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డారు ప్రూఫుగారు. "బీరువాలైతే మోస్తాం సార్. మనిషి జారితే మా మెడకు చుట్టుకుంటుంది," అన్నారు వాళ్ళు. రెండో అంతస్తులో ఉండే బస్సు డ్రైవరు ఒడ్డూ పొడవూ ఉన్న మనిషి. సెలవు పెట్టి వచ్చి ఎత్తుకుని దింపుతానన్నాడు. పదిహేనో తేదీ పొద్దున అతనికి సెలవు దొరకలేదని అతని భార్య వచ్చి చెప్పింది.

"పద," అంది వదిన. "కూర్చుని కూర్చుని దిగుతాను."

"పడిపోతారు వదినా."

"పడితే తొందరగా చేరతాను. పద."

మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టారు. ఆవిడ ఒక్కో మెట్టు మీద కూర్చుని, రెండు చేతులూ ఆనించి, కిందికి జరుగుతోంది. ఆయన ఒక మెట్టు కిందగా నిలబడి ఆవిడ కాలు పట్టుకుంటున్నారు. మెట్టు మెట్టుకీ ఆవిడ పళ్ళు బిగపట్టి ఊపిరి తీస్తోంది. ఆయన లెక్కపెడుతున్నారు. పదకొండు మెట్లు దిగేసరికి మలుపు వచ్చింది. అక్కడ కాలు తిప్పాలి. తిరగలేదు. మెల్లగా తిప్పబోతే ఆవిడ కేక పెట్టింది. చిన్నప్పట్నుంచీ ఆవిడ నోట అలాంటి కేక ఆయన వినలేదు. చేతులు వదిలేశారు.

"టైమెంతరా?"

"మూడున్నర."

"ఇంకెన్ని ఉన్నాయి?"

ఆయన అబద్ధమాడలేకపోయారు. "అరవై ఒకటి."

మళ్ళీ రెండుసార్లు ప్రయత్నించారు. రెండోసారి ఆవిడ తల గోడకు ఆనించి కళ్ళు మూసుకుంది. ఇంక వద్దని ఆవిడా అనలేదు, ఆయనా అనలేదు. ఎక్కడో రేడియోలో అయిదు గంటల వార్తలు మొదలయ్యాయి.

"అయితే నాకు నిజంగా ఎవరూ లేకపోయుంటే ఆ గది వచ్చేదన్నమాట," అంది వదిన కళ్ళు తెరవకుండానే.

"అవును వదినా. నేనే అడ్డం వచ్చాను."

"ఓరి వెర్రినాగన్నా. నువ్వు లేకపోతే నాకు అర్జీ ఎవడు రాసేవాడురా?"

ప్రూఫుగారికి ఏడుపు ఆగలేదు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, మెట్ల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు. ఆవిడ కొంగుతో ఆయన ముఖం తుడిచి, ఆ చెయ్యి అలాగే ఆయన భుజం మీద ఉంచింది. ఆవిడను పైకి ఎత్తే శక్తి ఆయనకు లేదు. ఎవరో ఒకరు వచ్చేదాకా కూర్చోవడమే.

ఏడింటికి డ్రైవరు డ్యూటీ దిగి వచ్చాడు. సంగతి తెలిసి గబగబా మెట్లెక్కాడు. సంచీ పక్కన పడేసి, వంగి, ఆవిడ వీపు కింద ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి వేశాడు.

"గట్టిగా పట్టుకోండమ్మా," అన్నాడు. "ఎటు? కిందికా, పైకా?"

వదిన మరిది వైపు చూసింది.

"పైకే బాబూ," అన్నారు ప్రూఫుగారు.