ఆర్డిస్ చిల్లుల కేకు

నోరీన్‌కి ఆ పేరు పెట్టినవాళ్ళకు తెలుగు రాదు. వచ్చి ఉంటే జాతకం చూసే పెట్టారనుకునేవాళ్ళం. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఆ కౌంటీ మొత్తం మీద అంత మంచి చెయ్యీ, అంత పెద్ద నోరూ ఒకే మనిషికి ఉండటం మరెక్కడా చూడం. చెయ్యి ఎలాంటిదంటే, కౌంటీ జాతరలో జరిగే కేకుల పోటీలో మొదటి బహుమతికిచ్చే నీలం రిబ్బన్లు పందొమ్మిది గెలిచింది. నోరు ఎలాంటిదంటే, ఆ పందొమ్మిదింటి సంగతీ తెలియనివాడు ఆ చుట్టుపక్కల పుట్టలేదు.

అలాంటి నోరీన్ జులై నెల మూడో ఆదివారం పొద్దున్న ఐదున్నరకు ఫ్రిజ్ తలుపు తీసి, కేకు చూసి, కేక పెట్టింది.

ఆ కేకు చేసింది ఆమే. పేరు మాత్రం ఆడపడుచు ఆర్డిస్‌ది. టోర్విక్ కుటుంబం వాళ్ళంతా ఏటా ఆ ఆదివారం ఊరి పార్కులో, రేకుల షెడ్డు కింద కలుస్తారు. అరవైమంది మనుషులు, నాలుగు రకాల బంగాళాదుంప సలాడ్లు, వాటి మీద వాలడానికి ఊళ్ళో ఉన్న ఈగలన్నీ. బల్ల చివర ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఒకటే అల్యూమినియం పళ్ళెం. దాని మూలన అతికించిన టేపు మీద 'ఆర్డిస్' అని నీలం సిరా. మూత జరిపితే లోపల పచ్చటి కేకు, కేకు నిండా చిల్లులు, చిల్లుల నిండా నిమ్మ జెల్లీ, పైన అనాస తురుము కలిపిన తెల్లటి క్రీము. మంచులా చల్లగా ఉంటుంది. నాలుక మీద పెట్టుకోగానే వయసులో యాభై ఏళ్ళు రాలిపోతాయి. పచ్చిక మీద చెప్పుల్లేకుండా పరిగెత్తడం, తోట పైపు నీళ్ళు తాగడం, వెనక తలుపు దడాల్న కొట్టుకుంటే లోపల్నుంచి అమ్మ అరవడం, అన్నీ ఒక్క చెంచాలో తిరిగొస్తాయి. పరువుకు చిల్లులు పడటం మనకు తెలుసు గానీ, చిల్లులతోనే పరువు సంపాదించింది లోకంలో ఆ కేకు ఒక్కటే.

నోరీన్‌కి మాత్రం ఆ కేకంటే లోకువ. పిండి పెట్టెలో వస్తుంది, పండు డబ్బాలో వస్తుంది, జెల్లీ పొట్లంలో వస్తుంది. "నేను పెట్టేది కేకు, ఆర్డిస్‌ది పెట్టె కేకు," అని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా, అంటే ఆ ఇంటి కోడలైన నాటి నుంచీ అంటోంది. ఏటా మర్యాద కోసం గోరంత ముక్క తిని చెయ్యి తుడుచుకునేది. విచిత్రం ఏమిటంటే, డబ్బా పండుతో చేసే ఆర్డిస్ ఏనాడూ డబ్బా కొట్టుకోలేదు. ఆ పని తాజా పండుతో చేసే నోరీనే చూసుకునేది.

ఈ ఏడు ఆర్డిస్‌కి మోకాలి చిప్ప మార్చారు. రెండు వారాల కిందట ఆమె నోరీన్‌ని ఇంటికి పిలిచి, పళ్ళెమూ ఒక పాత చీటీ చేతిలో పెట్టింది.

"ఈసారి నువ్వే చెయ్యాలి నోరీన్. నేను పొయ్యి దగ్గర పది నిమిషాలు కూడా నిలబడలేను."

"నేనా? పెట్టె కేకా?"

"పెట్టె కేకే. చీటీలో ఏడు వరసలున్నాయి. ఏడూ చెయ్యి, ఎనిమిదోది చేర్చకు."

"ఏడు వరసలు! నా కేకుల్లో గుడ్లు కొట్టడానికే ఏడు వరసలు పడతాయి."

"అందుకే రిబ్బన్లన్నీ నీకొచ్చాయి. ఇదిగో, ఆ రోజే ఓర్లిన్ బాబాయికి తొంభై నిండుతాయి. కేకు ఉంటేనే వృద్ధాశ్రమం నుంచి కారెక్కుతానన్నాడు. ఉంటుందని చెప్పాను. పేరు నాది గానీ మాట నీది. ఇస్తావా?"

"ఇచ్చాను పో," అంది నోరీన్. ఇవ్వడానికి ఆమె దగ్గర మాటలకేం కొదవ?

శనివారం మధ్యాహ్నం చీటీని ఫ్రిజ్‌కి అంటించి, ఒకసారి చదివి, రెండోసారి నవ్వింది. పెట్టె పిండి ఆ ఇంటి గడప తొక్కిన పాపాన పోలేదు. ఎనిమిది గుడ్లు, అసలైన వెన్న, మూడుసార్లు జల్లించిన పిండితో కేకు తనే పోసింది. నలభై మైళ్ళు కారు నడిపి, ఇల్లంతా ఘుమఘుమలాడే తాజా అనాసపండు తెచ్చింది.

"చీటీలో డబ్బా అనుంది కదే?" అన్నాడు గేలెన్. ఆమె భర్త, ఆర్డిస్‌కి తమ్ముడు, గేలి చేయడం పేరులోనే పెట్టుకు పుట్టినవాడు.

"డబ్బాలో ఉండేది పండు కాదు, పండు శవం."

"మరి మా అక్క ముప్ఫై ఎనిమిదేళ్ళుగా శవాన్నే తినిపించిందా మాకు? ఎంత రుచిగా ఉందో!"

"నువ్వు అట్ట ముక్క మీద క్రీము రాసిచ్చినా తింటావు. లే, అవతలికి నడు."

పండు పిండి, ఆ రసంతోనే జెల్లీ కలిపి చిల్లుల్లో పోసింది. తాజా ముక్కలు క్రీములో కలిపి పైన పరిచింది. 'ఈసారి చూడండి అసలు కేకంటే ఏమిటో' అనుకుంటూ ఫ్రిజ్‌లో పెట్టి పడుకుంది.

పొద్దున్న కేక పెట్టింది అందుకే. జెల్లీ గట్టిపడలేదు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండి కూడా నీళ్ళు నీళ్ళుగానే ఉంది. పళ్ళెంలో కేకు వరదలో పూరిపాకలా ఒరిగిపోయింది. పైన క్రీము విరిగి జారుతోంది. కేకు నీరుగారిపోయింది, దాన్ని చూసి నోరీన్ కూడా.

కేకకు లేచివచ్చిన గేలెన్ చెంచా తెచ్చుకుని ఒక గుక్క తాగాడు. అవును, తాగాడు. తాగి మొహం అష్టవంకరలు తిప్పాడు.

"చేదుగా ఉందే. పైగా నాలుక చురచురమంటోంది. మనం పండును తింటున్నామా, పండే మనల్ని తింటోందా?"

"నోరు ముయ్యి గేలెన్."

"ముయ్యలేను, మండుతోంది."

నోరీన్ కుర్చీలో కూలబడింది. భోజనాలు పన్నెండున్నరకు. మధ్యలో ఏడు గంటలు. ఊళ్ళో కొట్టు ఆదివారం పదింటిదాకా తెరవరు.

"రిబ్బన్ వచ్చిన కేకు ఇంకేదైనా చేసి పట్టుకుపో. ఎవరు కాదంటారు?" అన్నాడు గేలెన్. ఈసారి గొంతులో గేలి లేదు.

"ఓర్లిన్ బాబాయి రిబ్బన్ కోసం రావట్లేదు. కారు దిగుతూనే ఆ పళ్ళెం వైపు చూస్తాడు." ఫ్రిజ్ మీది చీటీ వైపు చూస్తూ అంది, "మాటిచ్చాను."

"అయితే మా అక్కకి ఫోన్ చెయ్యి."

ముప్ఫై ఒక్క ఏళ్ళు వెక్కిరించిన కేకు గురించి, ఆ కేకు యజమానురాలికే ఫోన్ చేసి, నాకు రాలేదు అని చెప్పాలి. నోరీన్ మూడుసార్లు ఫోన్ తీసి మూడుసార్లు పెట్టేసింది. నాలుగోసారి గేలెనే నంబరు నొక్కి ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"ఆర్డిస్... నిద్ర లేపానా?"

"మోకాలు లేపి గంటయింది. చెప్పు."

నోరీన్‌కి నోరు పెగల్లేదు. జిల్లా రికార్డుల్లోకి ఎక్కాల్సిన ఘటన అది. "కేకు... గట్టిపడలేదు," అంది చివరికి.

ఆర్డిస్ ఒకటే అడిగింది, "తాజా అనాస వేశావా?"

"నీకెలా తెలుసు?"

"ముందు బయల్దేరు. వస్తూ మూడు గుడ్లు తే. మిగతావన్నీ నా దగ్గరున్నాయి. పళ్ళెం కడుక్కుని రా."

అంతే. 'చెప్పానా' లేదు, 'చూశావా' లేదు. అక్కడ తను ఉంటే ఆ రెండూ కాక మరో నలభై మాటలు అనేదాన్నని నోరీన్‌కి దారంతా అనిపిస్తూనే ఉంది.

ఆర్డిస్ ఇంటి కింది గదిలో అలమర తెరిస్తే కేకు పిండి పెట్టెలు పదకొండు, అనాస డబ్బాలు వరసగా ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. నోరీన్ రెండిట్లో ఒక్కోటి తీసుకుని పైకి వచ్చి, "పదకొండు ఎందుకు?" అనడిగింది.

"ఊళ్ళో ఎవరైనా పోయేటప్పుడు ముందు చెప్పి పోరు కదా. ఇక్కడి పద్ధతిలో చావింటికి ఆ పూటే కేకు చేరాలి," అంది ఆర్డిస్, వంటింటి గుమ్మంలో వాలుకుర్చీ వేయించుకుని, కట్టుకట్టిన కాలు స్టూలు మీదకి చాపుకుని. "పిండి వెయ్యి. గుడ్లు కొట్టు. నూనె, నీళ్ళు పెట్టె మీద రాసినట్టే. మిక్సర్ ఆన్ చెయ్యి."

మిక్సర్ తిరుగుతోంది. ఆర్డిస్ కళ్ళు మూసుకుని కూర్చుంది. కునుకు తీస్తోందేమో అనుకుంది నోరీన్.

"ఆపు. గొంతు మారింది."

"ఎవరి గొంతు?"

"పిండిది. ఇంకొక్క నిమిషం తిప్పితే సాగుతుంది."

నోరీన్ ఆపి చూసింది. గరిటె నుంచి పిండి పట్టు రిబ్బనులా జారింది. పందొమ్మిది రిబ్బన్లు చూసిన చెయ్యి కదా, ఇరవయ్యోదాన్ని పోల్చుకుంది.

కేకు కాలిందో లేదో ఆర్డిస్ వాసనతోనే చెప్పింది. బయటికి తీయగానే చిల్లులు పొడవడానికి గరిటె పట్టుకుని నోరీన్ ముందుకు వంగింది.

"ఉండు. వేడి మీద పోస్తే మొత్తం తాగేసి ముద్దయిపోతుంది. చల్లారాక పోస్తే తాగనని మొరాయిస్తుంది. చెయ్యి పెట్టి చూస్తే కుక్కపిల్ల పొట్టలా గోరువెచ్చగా ఉండాలి."

ఇరవై నిమిషాలయ్యాక కుక్కపిల్ల పొట్ట వచ్చింది. చెక్క గరిటె కాడతో చిల్లులు, అంగుళానికొకటి, ముప్పాతిక లోతు. "అడుగుదాకా దింపకు. అడుగు తగిలితే జెల్లీ పళ్ళేనికి పోతుంది, మనకి రాదు." పొట్లాన్ని మరిగే నీళ్ళలో కరిగించి, డబ్బాలోని రసం చల్లగా కలిపి, ఒక చివర నుంచి నాగలి చాలులా పోయడం. చిల్లులు గుటకలు వేస్తున్నట్టు ఒక్కొక్కటీ నిండుతుంటే, నోరీన్ నోరు కూడా తెరుచుకునే ఉంది, మాట మాత్రం రాలేదు.

"ఇవేవీ చీటీలో లేవే?" అంది చివరికి.

"చీటీలో రాసేది కొట్టుకు వెళ్ళేవాళ్ళకి. మిగతాది నీ చేతులకే తెలుస్తుందనుకున్నా. అందుకే నిన్నడిగా."

నోరీన్ పళ్ళేన్ని ఫ్రీజర్‌లోకి నెట్టి, తలుపు మీదే చెయ్యి వేసి నిలబడింది. "తాజా పండుకి ఏమొచ్చింది ఆర్డిస్? పండు మంచిదే. నేనే చూసి తెచ్చా."

"మంచిదే. మరీ మంచిది. పచ్చి అనాసకి పళ్ళుంటాయి, జెల్లీని కొరికి నీళ్ళు చేసేస్తుంది, క్రీముని చేదు చేస్తుంది. డబ్బాలోది ఒకసారి ఉడికింది కాబట్టి బుద్ధొచ్చి కూర్చుంటుంది."

"ఇదంతా ఎక్కడ చదివావు?"

"చదవడమేమిటి? మొదటి ఏడు నేనూ తాజాదే వేశా. అమ్మ చేసే కేకు మీద నేనొక మెట్టు ఎక్కుదామని. అరవైమందికీ కాగితం కప్పుల్లో పోసి, స్ట్రాలు వేసిచ్చా. నాన్న రెండో కప్పు అడిగి మరీ తాగాడు, పాపం. సాయంత్రానికి ఆయన నాలుక బొబ్బెక్కింది."

నోరీన్ నవ్వాపుకోలేకపోయింది. ఆర్డిస్ కూడా నవ్వి, మోకాలు కదిలి "అబ్బా" అంది.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు పెట్టె కేకు, పెట్టె కేకు అన్నా కదా నిన్ను. ఒక్కసారైనా తిరిగి అనలేదేం?"

"అనడానికేముంది? పెట్టె కేకే. అయినా నువ్వు ఏటా కొత్తగా అనేదానివి. ఈసారి ఏమంటుందా అని నేనూ చూసేదాన్ని."

పన్నెండున్నరకు పళ్ళెం, పైన క్రీముతో సహా, బల్ల చివరకు చేరింది. ఓర్లిన్ బాబాయి కారు దిగి, తొంభైయేళ్ళ మెడ సాచి, ముందు ఆ వైపే చూశాడు. ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా వచ్చి, అసలు భోజనానికి ముందే ఒక ముక్క తిన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, "ఇంకోటి," అన్నాడు.

"ఆర్డిస్, ఒంటికాలి మీద కూడా చేసేశావా!" అన్నారెవరో.

"చేసింది నోరీన్," అంది చక్రాల కుర్చీలోంచి ఆర్డిస్.

"నోరీనా? ఏమీ చేర్చకుండానే?" అని ఒక బంధువు అంటే షెడ్డంతా గొల్లుమంది.

"ఎనిమిదో వరస సంగతి నేను చెప్తా," అంటూ గేలెన్ లేచాడు. "నిన్న రాత్రి..."

"గేలెన్," అంది ఆర్డిస్, గొంతు పెంచకుండా. "నీ నోట్లో కేకుంది. నములు."

అక్క మాట ఆర్డరు. గేలెన్ నమిలాడు. నోరీన్ బల్ల అవతల నుంచి ఆడపడుచు వైపు చూసింది. అందరి ముందూ తనను దించేయడానికి చేతికందిన అవకాశాన్ని, చెంప మీద వాలిన దోమను తోలినట్టు తోలేసింది ఆవిడ. పిండి గొంతు తెలియడం ఒక విద్య. ఇది అంతకంటే పెద్ద విద్య. దీనికీ చీటీ ఉండదు.

మూడింటికి పళ్ళెంలో ఒక్క ముక్క మిగిలింది. ఆ ప్రాంతంలో చివరి ముక్క ఎవరూ తీసుకోరు. సిగ్గు. ఒకరొచ్చి దాన్ని సగం చేస్తారు, ఇంకొకరొచ్చి ఆ సగంలో సగం. అలా అది పోస్టల్ స్టాంపంత అయ్యేదాకా కోసి, స్టాంపును మాత్రం ఈగలకు వదిలి, అందరూ మర్యాదగా ఇళ్ళకు పోతారు. ఆ ఊరు పుట్టినప్పటి నుంచీ అంతే.

ఒక చిన్నత్త చాకు పట్టుకుని వచ్చింది. ఆ చాకు దిగేలోగా నోరీన్ చెయ్యి చాచి, ముక్కను మొత్తంగా ఎత్తి తన ప్లేటులో పెట్టుకుంది.

అరవైమంది చూస్తుండగా, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా గోరంత తిన్న మనిషి, కూర్చుని, నింపాదిగా, క్రీము కూడా మిగల్చకుండా, చెంచాతో ప్లేటు గీకి మరీ తింది.

"చివరి ముక్క తిన్నవాళ్ళే పళ్ళెం కడగాలి," అంది ఆర్డిస్.

నోరు నిండా కేకు ఉండటం వల్ల నోరీన్ మాట్లాడలేదు. పళ్ళెం తీసుకుని పంపు వైపు నడిచింది.

"నా పేరున్న టేపు తడవనీకు," అని వెనక నుంచి కేక వినిపించింది.