ఊరేగింపు రాని వీధి

నలభయ్యో రంధ్రం దగ్గర సూది ఆగిపోయింది. నీళ్లాయన వంగి, కళ్లు చికిలించి చూశాడు. ఇసుక రేణువు అడ్డం పడింది. సూదిని అటూ ఇటూ తిప్పి దాన్ని బయటికి లాగి, ప్యాంటుకు తుడుచుకుని, పక్క రంధ్రానికి వెళ్లాడు. ట్యాంకరు వెనక అడ్డంగా బిగించిన ఇనప గొట్టానికి మొత్తం అరవై నాలుగు రంధ్రాలున్నాయి. వాటిలో ఒక్కటి పూడుకుపోయినా వీధి పొడుగునా సన్నటి పొడిచార మిగిలిపోతుంది. అది ఇంకెవరి కంటా పడదు గానీ అతనికి మాత్రం రాత్రి అన్నం సయించదు.

ఆ సూది అక్కది. బట్టల దుకాణంలో ముప్పై ఏళ్లు కోట్లకు గుండీలు కుట్టి, చూపు మందగించాక పని మానేసి, సూదిని తమ్ముడి చేతిలో పెట్టింది. "నాకు దారం ఎక్కడం లేదు. నీకైనా పనికొస్తుందేమో చూడు" అంది.

ఊళ్లో అతణ్ణి అందరూ నీళ్లాయన అనే పిలుస్తారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. వేసవంతా దుమ్ము లేవకుండా వీధులు తడపడం అతని ఉద్యోగం. ఊరి వేసవి ఉత్సవంలో పెద్ద ఊరేగింపు జరిగే రోజున మాత్రం బండి ఒక గంట ముందుగా ఆ దారంతా తడుపుకుంటూ పోవాలి. ఆ లెక్కన ఊరేగింపులో అందరికంటే ముందుండేది అతనే. అయినా ఇన్నేళ్లలో ఒక్క ఫొటోలోనూ పడలేదు.

ఉత్సవమంటే అతనికి ఒళ్లుమంట. ఎండలు మండే రోజులు చూసి మరీ పెట్టుకుంటారు, అదీ పది రోజులు. ఊరికి చెలగాటం, నీళ్లబండికి ప్రాణసంకటం. రంగుకాగితాలు కాలవలకు అడ్డం పడతాయి. ఎక్కడెక్కడి జనమో వచ్చి అతను తడిపిన రోడ్డు మీదే ఉమ్మేస్తారు. "వచ్చే ఏడు సెలవు పెట్టేస్తా, చూస్తూ ఉండండి" అంటాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా అంటూనే ఉన్నాడు. తీరా ఆ పొద్దున అందరికంటే ముందు షెడ్డు తలుపు తట్టేది అతనే. పొడి వీధి మీద మొదటి చుక్క పడి మట్టివాసన లేస్తుంటే, వరసగా కట్టిన జెండాల నీడలు తడిరోడ్డు మీద ఊగుతుంటే, ఊరంతా తనకోసమే ముస్తాబైందేమో అనిపిస్తుంది. నవ్విపోతారని ఈ మాట ఎవరితోనూ అనలేదు.

అక్కకు మాత్రం ఉత్సవమంటే ప్రాణమని అతని నమ్మకం. అమ్మ పోయిన ఏడాది, అతనికి అయిదేళ్లప్పుడు, పన్నెండేళ్ల అక్క అతణ్ణి భుజాల మీద ఎక్కించుకుని జనంలో నించుంది. ఆ తోపులాటలో ఆమె చెప్పు ఒకటి పోయింది. రెండోది కూడా అక్కడే వదిలేసి, కాలే రోడ్డు మీద తమ్ముణ్ణి మోసుకుంటూ ఇంటికొచ్చింది. ఇప్పుడు ఊరేగింపు సాగే వీధిలోనే, తాళాల దుకాణం పైన, రెండో అంతస్తులో ఒంటిగదిలో ఉంటోంది. ఏటా బండి కిటికీ కిందికి రాగానే అతను బండి తలుపు పక్కనున్న గంట మూడుసార్లు కొడతాడు. కిటికీ కొక్కేనికి కట్టిన తాడుతో చిన్న బుట్ట దిగుతుంది. అందులో తడిగుడ్డ చుట్టిన సీసా, సీసాలో నిమ్మరసం. తాగి, ఖాళీ సీసా బుట్టలో పెట్టి తాడు రెండుసార్లు లాగితే బుట్ట పైకి వెళ్లిపోతుంది.

మొన్న చలికాలంలో డాక్టరు అక్క గుండె చూసి పెదవి విరిచాడు. గట్టి చప్పుళ్లు పడవన్నాడు. ఊరేగింపు రోజున ఎటైనా వెళ్లి ఉందువుగాని రమ్మంటే ఆమె ససేమిరా అంది.

"కిటికీ దగ్గర కూర్చునే ఆ ఒక్కరోజు కూడా లేకుండా చేస్తావట్రా?"

అందుకే నీళ్లాయన పుట్టి బుద్ధెరిగి చేయని పని చేశాడు. ఆ వీధి కింద పెద్ద గొట్టం కారుతోందని, బరువు బళ్లు పోతే రోడ్డు కుంగిపోతుందని సూపర్‌వైజరుతో అబద్ధం చెప్పాడు. ముప్పై ఏళ్లుగా అతని మాట మీదున్న నమ్మకంతో ఆయన తవ్వి చూడలేదు సరికదా, దారి మార్పించేశాడు.

"నువ్వు చెప్పకపోతే ఎంత గొడవయ్యేదో" అన్నాడు ఊరేగింపు రోజు పొద్దున కొత్త దారి కాగితం చేతికిస్తూ. నీళ్లాయన తల వంచుకుని బండెక్కాడు.

మైదానం పక్కనుంచి పోతుంటే ఊరేగింపు బళ్లు బారులు తీరి ఉన్నాయి. కాగితపు నెమలి ఒకటి మేడంత ఎత్తున ఉంది. బ్యాండువాళ్లు చెట్టుకింద బూట్లు విప్పుకుని కునుకు తీస్తున్నారు. అతను కొత్త దారంతా తడిపాడు. ఒక్క పొడిచార లేదు. అయినా మనసు కుదుటపడలేదు. గంట కొట్టాల్సిన చోటు ఈ దారిలో ఎక్కడా లేదు.

దారి చివర బండి ఆపేసరికి వెనక ఊరేగింపు మొదలైంది. అక్క గది కింద దుకాణం తాళాలాయన జనంలోంచి తోసుకుంటూ వచ్చాడు.

"ఏంటన్నా, మా వీధి మర్చిపోయావా? అక్క పొద్దుట్నించీ సీసా పట్టుకుని కూర్చుంది. బండి వచ్చిందా, బండి వచ్చిందా అని నా ప్రాణం తీసేస్తోంది."

"ఈసారి అటు ఊరేగింపు లేదయ్యా. చప్పుడు లేకపోతే కాస్త పడుకుంటుందని..."

"ఊరేగింపా? ఆవిడెప్పుడు చూసింది?" తాళాలాయన వింతగా చూశాడు. "నీ బండి మలుపు తిరగ్గానే కిటికీ మూసేస్తుందిగా. చెవుల్లో దూది పెట్టుకుని సాయంత్రం దాకా పడుకుంటుంది. మా ఆవిడ ఏటా నవ్వుతూనే ఉంటుంది."

నీళ్లాయన మళ్లీ స్టీరింగు పట్టుకున్నాడు. గాలికి పోయే కంపను తనే తెచ్చి తగిలించుకున్నాడు. ట్యాంకులో ఇంకా మూడోవంతు నీళ్లున్నాయి. బండి తిప్పాడు.

జనమంతా అటు పోయినట్టున్నారు, అక్క వీధిలో నరపురుగు లేదు. జెండాలు లేవు. ఒక గుమ్మంలో పిల్లి పడుకుని ఉంది. బ్యాండు చప్పుడు ఎక్కడో నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టుంది. అతను మొదటి ఇంటి దగ్గరే కవాటం తిప్పాడు. అరవై నాలుగు ధారలు ఒక్కసారి విచ్చుకున్నాయి. ఎండలో సన్నటి తుంపర లేచింది. మట్టివాసన కమ్మగా ముక్కుకు తగిలింది. ఎవరూ రాని వీధిని, ఎవరో వస్తారన్నంత శ్రద్ధగా ఈ కొసనుంచి ఆ కొసదాకా తడిపి, వెనక్కి తిరిగొచ్చి కిటికీ కింద ఆపాడు. మూడుసార్లు గంట కొట్టి కిందికి దిగాడు.

బుట్ట ఆగి ఆగి దిగింది. పైన అక్క కిటికీ గట్టు మీద మోచేతులు ఆనించింది.

"ఇంత ఆలస్యమేంరా?"

"దారి మార్చారక్కా."

"ఎవరు?"

"నేనే. గొట్టం కారుతోందని అబద్ధం చెప్పా."

అక్క నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది. "నువ్వా? నీకు అబద్ధం చెప్పడం కూడా వచ్చా?"

"ఊరేగింపు చప్పుడు నీకు పడదని..."

"నీ మొహం. చిన్నప్పుడు మాత్రం నేనేం చూశా? నువ్వు నా నెత్తిమీద, నా ముందు జనం వీపులు. నువ్వు పైనుంచి చెప్తుంటే వినేదాన్ని. ఏనుగంత గుర్రం వచ్చిందక్కా అన్నావు. ఎంత నమ్మానో." ఊపిరి తీసుకుంది. "ఈసారేం వచ్చాయిరా? చెప్పు."

అతను సీసా గుడ్డ విప్పి ఒక గుక్క తాగాడు. ఉత్సవాన్ని ముప్పై ఏళ్లు తిట్టిన నోటితోనే మొదలుపెట్టాడు. ముందు కాగితపు నెమలి గురించి చెప్పాడు. దాని తోక రెండు వీధులంత ఉందన్నాడు. బ్యాండువాళ్ల గుండీలు ఎండలో మెరుస్తున్నాయని, అన్నీ సరిగ్గా కుట్టి ఉన్నాయని, ఒక్కటి కూడా వేలాడ్డం లేదని చెప్పాడు. పైనుంచి "ఊఁ" అని వినపడింది. ఓడలా కట్టిన బండి వచ్చిందని, ఓడ మీద మనుషులు కాగితాల పూలు చల్లుతున్నారని చెప్పాడు. "ఊఁ" అంది అక్క మెల్లగా. తర్వాత గుర్రాలొచ్చాయన్నాడు. అవి లేవు. అయినా తెల్లవి, ఒక్కొక్కటి ఏనుగంత అన్నాడు. అలా చెబుతూ చెబుతూ నిమ్మరసమంతా తాగేశాడు. పూర్తయ్యాక సీసా బుట్టలో పెట్టి, తాడు రెండుసార్లు లాగాడు.

బుట్ట కదల్లేదు.

తలెత్తి చూశాడు. అక్క గట్టు మీద చేతులు మడిచి, వాటి మీద చెంప ఆనించుకుని ఉంది. మొహం అతని వైపే ఉంది. కళ్లు మూసుకుని, తర్వాతి మాట కోసం వింటున్నట్టే ఉంది. మళ్లీ గంట కొట్టాలని చెయ్యెత్తి, దించేశాడు. అక్క వెళ్లిపోయిందని మెట్లెక్కకముందే అతనికి తెలిసిపోయింది. అతనికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, బండి రోడ్డుకు అడ్డం లేకుండా పక్కకు తీసిపెట్టి, లోపలికి నడిచాడు.

వీధిలో, ఆరుతున్న తడికి జానెడు ఎత్తున, ఖాళీ సీసాతో బుట్ట అలాగే వేలాడుతూ ఉంది.