బట్టల బ్రదర్ రాసిన చీటీ

మా మఠంలో పదమూడు మందిమి ఉంటాం. పన్నెండు మంది ఫాదర్లు, బ్రదర్ని నేనొక్కణ్ణే. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలూ వాళ్ళెంత తీసుకున్నారో నేనూ అంతే తీసుకున్నాను. కాకపోతే వాళ్ళు పూజ చేస్తారు, కాలేజీలో పాఠాలు చెబుతారు. నేను వాళ్ళ బట్టలు ఉతుకుతాను. అందుకే నా పేరు బట్టల బ్రదర్. మా అమ్మ మాత్రం పోయేదాకా అందరికీ ‘మావాడు ఫాదరు’ అనే చెప్పుకుంది. దిద్దడానికి నాకు మనసొప్పలేదు.

ఉతుకుడు గది మేడకింద, నేలలోకి దిగి ఉంటుంది. పదకొండు మెట్లు. ఒక సిమెంటు తొట్టి, దుప్పట్లకు తప్ప దేనికీ పనికిరాని పాత మెషీను. ఫాదర్ల తెల్ల అంగీలు అందులో వేస్తే కాలర్లు మెలితిరిగిపోతాయి, చేత్తోనే ఉతకాలి. ఒక్కో అంగీ మెడ దగ్గర ఎర్ర దారంతో ఒక అంకె కుట్టి ఉంటుంది. ఫాదర్ల ప్రసంగాలు నాకు గుర్తుండవు గానీ, ఏడో నంబరాయన చేతులకు ఎప్పుడూ సిరా అని, పదో నంబరాయన భోజనం దగ్గర తొందరపడతారని చెప్పగలను. పూజ జరిగే పీఠం మీది గుడ్డలు పవిత్రమైనవి, వాటిని విడిగా జాడించాలి. ఆ నీళ్ళు కాలవలో పోయకూడదు, బకెట్లతో పైకి మోసుకెళ్ళి తోటలో నేలకే పోయాలి. ఇరవై తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను.

ఏటా ఒకసారి ప్రొవిన్షియల్ గారు వస్తారు. మా మఠాలన్నిటికీ ఆయనే పెద్ద. ఆయన రాగానే ప్రతివాళ్ళమూ వచ్చే ఏడాది ఏ పని కావాలో చీటీ మీద రాసి, కవరంటించి ఇవ్వాలి. ఫాదర్లు నాలుగేసి పేజీలు రాస్తారు. నేను ‘మీ చిత్తం’ అని రెండు మాటలే రాసేవాణ్ణి. మొదట్లో నిజంగా మనసులో అదే ఉండేది. తర్వాత బద్ధకం. ఆ తర్వాత మంచివాడన్న పేరు వచ్చిపడింది, దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

ఈ ఏడాది తడిసిన దుప్పటి పైకి లాగుతుంటే నడుం పట్టేసింది. తొట్టి అంచు పట్టుకుని అరగంట వంగినవాణ్ణి వంగినట్టే ఉన్నాను. ఎవరూ రాలేదు. మెట్లు దిగి అక్కడికొచ్చే పని నాకు తప్ప ఎవరికుంది? డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు. ఫోన్లో చెబితే మా అక్క ఒకటే నవ్వు.

“పెళ్ళి చేసుకున్నా ఇన్ని బట్టలు ఉతికేవాడివి కాదు కదరా! నోరు తెరిచి అడగవేం? అడిగితే దేవుడేమైనా కోప్పడతాడా?”

అందుకని ఈసారి రాశాను: ‘నడుం పనిచేయడం లేదు. ఇక ఉతకలేను. కాపలాదారు మానేశాడు కాబట్టి గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. నన్నక్కడ వేయండి.’ ఈ నాలుగు ముక్కలకు మూడు కాగితాలు చింపాను. కవరు ఆయన చేతిలో పెట్టి, దొంగతనం చేసినవాడిలా గబగబా వచ్చేశాను.

మూడో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్రొవిన్షియల్ గారు ఎవరికే పనో జాబితా చదివారు. పిలిచినవాళ్ళు లేచి తల వంచాలి, అది మా పద్ధతి.

“బట్టల పని, మన బ్రదరే. ఏనాడూ ఇది కావాలి, అది వద్దు అనలేదు. విధేయత అంటే ఏమిటో ఈయన్ని చూసి నేర్చుకోండి” అన్నారు.

పన్నెండు మందీ చప్పట్లు కొట్టారు. చదివి, కాదని, పైగా పదిమందిలో పొగిడి నోరు కట్టేశారనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. అయినా లేచి తల వంచాను.

ఆ పూటే ఆయన అంగీ కిందికి వచ్చింది, ఛాతీ మీద కూర మరకతో. నీళ్ళలో వేసేముందు జేబులు తడమడం నాకు అలవాటు. ఒక చేతిరుమాలు, కళ్ళజోడు డబ్బా, నా కవరు. అంటించింది అంటించినట్టే ఉంది.

కాదన్నారనుకున్నప్పుడు కోపమే వచ్చింది. అసలు విప్పనే లేదని తెలిశాక ఆ కోపం కూడా మిగల్లేదు. అంగీతోపాటు దాన్నీ నానబెట్టేద్దామనుకున్నాను. సిరా కరిగిపోతుంది, ఎవరికీ తెలియదు, ఇంకో ఏడాది నేను ఆదర్శ బ్రదర్ని. చెయ్యి నీళ్ళదాకా వెళ్ళింది కూడా. కానీ ఇంకో ఏడాది అన్న మాటకే నడుం కలుక్కుమంది. మెట్లెక్కాను.

ప్రొవిన్షియల్ గారి గదిలో మా మఠం పెద్ద కూడా ఉన్నారు, కిటికీకి ఆనుకుని.

“ఇది మీ జేబులో ఉంది ఫాదర్.”

“మీదా బ్రదర్?” ప్రొవిన్షియల్ గారు నవ్వారు. “అందులో ఏముంటుందో నాకు తెలుసుగా!”

“తెలీదు ఫాదర్. చదవండి.”

చదివారు. మళ్ళీ చదివారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“ముందే ఒక మాట చెప్పొచ్చు కదా?”

“రాశాను కదా ఫాదర్.”

ఆయన మా పెద్ద వైపు తిరిగారు. “ఇప్పుడు బట్టల సంగతేంటి?”

“ఏముందండీ, బజార్లో లాండ్రీకి వేస్తే సరి. కాలేజీ హాస్టలువి అక్కడికే వెళ్తున్నాయి. వాళ్ళే వచ్చి పట్టుకెళ్తారు.”

“మరి ఇన్నాళ్ళూ ఎందుకు వేయలేదు?”

“బ్రదర్‌కి ఆ పనంటే ఇష్టమనుకున్నాం.”

అంతే, అయిపోయింది. ప్రొవిన్షియల్ గారు జాబితాలో బట్టల పని కొట్టేసి, గేటు అని రాశారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. దేవుడు నా భుజాల మీద పెట్టాడని మోసిన పని, నేను కాకపోతే ఈ ఇల్లు నడవదనుకున్న పని, లాండ్రీవాడికి వెళ్ళిపోయింది. నేను ఎగిరి గంతెయ్యాలి. నాకు ఏడుపొచ్చింది. ఇంత తేలికని ఎవరైనా ఒక్కసారి చెప్పి ఉంటే! నేను ఒక్కసారి అడిగి ఉంటే!

“ఇప్పుడు సంతోషమేనా బ్రదర్?” అన్నారు ప్రొవిన్షియల్ గారు.

“ఏమో ఫాదర్. ముందు నన్ను కాసేపు కూర్చోనివ్వండి.”

ఆ గదిలో ఉన్నది ఒక్కటే కుర్చీ. ఆయన అందులోంచి లేచి నిలబడ్డారు.