అద్దంలో చేతులు

బండినే ఇల్లు చేసుకుని ఊళ్లు తిరిగే మా లోకంలో, దాన్ని వెనక్కి నడిపి దాని చోట్లో పెట్టడమంటే ఉచిత నాటకం. సాయంత్రం నాలుగు దాటాక, మేం బండ్లు నిలుపుకునే పార్కులోకి కొత్త బండి ఏదైనా వచ్చిందంటే చాలు, ముసలాళ్లంతా మడత కుర్చీలు అటు తిప్పుకుని కాఫీ కప్పులతో కూర్చుంటారు. మొగుడు స్టీరింగు దగ్గర, పెళ్లాం వెనకాల చేతులు ఊపుతూ. నలభై ఏళ్ల కాపురం ఆ పది నిమిషాల్లో బజారున పడుతుంది. నేనూ అలా ఎంతోమందిని చూసి నవ్వినదాన్నే.

మమ్మల్ని చూసి మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు. మా ఆయన వెండెల్ నెబ్రాస్కాలో ముప్ఫై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపాడు. మంచులో, బురదలో, బస్సు మీద ఒక్క గీత పడనివ్వలేదు. రిటైరయ్యాక ఇల్లు అమ్మేసి ఈ ముప్ఫై ఆరడుగుల బండి కొన్నాం. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ ఇందులోనే. రెండేళ్లుగా మాకు వేరే గుమ్మమంటూ లేదు.

దీన్ని నడపడం నాకు రాదు. నేర్చుకోమని వెండెల్ మొదట్లో పోరుపెట్టాడు. "నువ్వున్నావుగా" అని తప్పించుకున్నాను. వెనక్కి పెట్టేటప్పుడు బండి వెనకాల నిలబడటం నా పని. మా సైగలు నాలుగే. రా, ఎడమకి, కుడికి. తల మీద చేతులు రెండూ అడ్డంగా వేస్తే ఆగు. అద్దంలో నేను కనిపించకపోతే బండి కదలకూడదు. ఆ నియమం పెట్టింది అతనే. నేను బాగా కనిపించాలని నారింజ రంగు కోటు కొనిచ్చిందీ అతనే.

పోయిన అక్టోబరు నుంచి అతనికి సైగలు నచ్చడం మానేశాయి. రెండు వాకీటాకీలు కొన్నాడు. "కోతిలా ఆ గంతులెందుకు, నోటితో చెప్పు" అన్నాడు. రోడ్డు మీదా అంతే. "ఆ బోర్డు మీద ఏముందో చదువు, ఆర్డిస్. ఊరికే కూర్చుని ఏం చేస్తావ్?" అనేవాడు. "ముందు లారీ ఎంత దూరంలో ఉందంటావ్?" అనేవాడు. నేను మురిసిపోయాను. ఇన్నాళ్లకి ఈ మనిషికి నాతో కబుర్లు చెప్పాలనిపించింది అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

జనవరిలో అరిజోనా ఎడారిలోని ఒక పార్కుకి వచ్చాం. మూడు రోజులు ఉండటానికి మాత్రమే చోటు దొరికింది. పక్కన జెనీవా అనే ఎనభై ఏళ్ల ఆవిడ, ట్రక్కు వెనక కట్టి లాక్కెళ్లే తన ట్రైలరు ఇంటి ముందు కుర్చీలో కూర్చుని మా వైపే చూస్తోంది. నేను వెనకాల నిలబడి వాకీటాకీలో మాట్లాడితే ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ అయిపోయింది. పాత సైగలున్నాయి కదా, భయమేముంది అనుకున్నాను. అద్దానికి ఎదురుగా జరిగి రా, రా అన్నాను. బండి వచ్చింది. జెనీవా లేచి, కాఫీ నింపుకోవడానికి లోపలికి వెళ్లింది. బండి మరీ ఆవిడ కుర్చీ వైపు జరుగుతోందని నేను తల మీద చేతులు అడ్డంగా వేశాను.

బండి ఆగలేదు. అరిచాను. ఇంజను మోతలో నా అరుపు నాకే వినబడలేదు. జెనీవా కుర్చీ చక్రం కింద నలిగింది, బండ్లకి కరెంటు ఇచ్చే పొట్టి స్తంభం వంగింది. అప్పుడు ఆగింది.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. వెండెల్ దిగి, వంగిన స్తంభం ఉన్నచోటికి కాకుండా కొంచెం పక్కకి చూస్తూ నిలబడ్డాడు. ఏదో తేడా ఉందని అప్పుడే నాకు తట్టింది.

"తప్పు నాదే. సైగ తప్పుగా ఇచ్చాను" అన్నాను. పెళ్లాం తప్పని తేలాక ఎవరూ ఇంకేమీ అడగలేదు. కుర్చీలన్నీ మళ్లీ వెనక్కి తిరిగాయి.

లోపలికి వెళ్లి తలుపు వేశాను.

"అద్దంలో నన్ను చూశావా?"

"చూశాను."

"నేను చేతులతో ఏమన్నాను?"

"రమ్మన్నావు."

అతను మంచం మీద కూలబడ్డాడు. "మధ్యలో బూడిద రంగు మచ్చ ఉంటుంది" అన్నాడు. "చుట్టుపక్కల కనిపిస్తుంది. ఎక్కడ చూస్తే అక్కడ కనిపించదు. నీ మొహం కూడా. బండి ముట్టుకోవద్దని అక్టోబర్లోనే డాక్టరు చెప్పాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఎక్కడికి పోతాం, ఆర్డిస్?"

జాలి పడాల్సింది. నాకు ఒళ్లు మండిపోయింది. "మూడు నెలలు నన్ను పక్కన పెట్టుకుని గుడ్డిగా నడిపావా? ఎదురుగా స్కూలు బస్సు వచ్చి ఉంటేనో?" అన్నాను. ఆ మాట అనకూడదని తెలిసే అన్నాను. అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున మా కుర్చీ ఒకటి జెనీవాకి ఇచ్చాను. ఆవిడ కూర్చుని చూసి, "నాదే నయం" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీ ఆయనకి చూపు లేదు కదూ, పిల్లా?" అని అడిగింది.

నేను వంగి, నలిగిన ఆవిడ కుర్చీ ముక్కలు ఏరసాగాను.

"మా ఆయన గుండె నొప్పిని అజీర్తి అన్నాడు. ఇక్కడే పోయాడు. ట్రక్కు నడపడం రేపు నేర్చుకుంటా, రేపు నేర్చుకుంటా అనుకుంటూ నేను ఐదేళ్లు ఉండిపోయాను. నా టైర్లు చూడు."

చూశాను. ఎండకి బీటలు వారి, సగం ఇసుకలో దిగిపోయి ఉన్నాయి.

"ఇక్కడ బాగానే ఉంది కదా" అన్నాను, ఏదో అనాలి కాబట్టి.

"శవపెట్టెలో కూడా చల్లగానే ఉంటుందిట" అని జెనీవా కాఫీ ఊదుకుంది.

మా మూడు రోజులూ అయిపోగానే ఆ చోటుకి వేరేవాళ్లు వస్తున్నారు. చివరి వరసలో ఒకటి ఖాళీ ఉందని మేనేజరు చెప్పాడు. రెండు రోజులు పార్కు వెనక ఖాళీ స్థలంలో వెండెల్ నాకు నేర్పాడు. పక్క సీట్లో కూర్చుని ఇంజను శబ్దం విని తప్పులు చెప్పాడు. "కంగారెందుకు, నిదానంగా తిప్పు. బండి నీ మాటే వింటుంది" అన్నాడు. పెళ్లయిన కొత్తలో తప్ప అంత మెత్తగా అతను నాతో మాట్లాడింది లేదు. నాకు ఏడుపొచ్చింది. చూడలేడు కదా అని తుడుచుకోలేదు.

ఆ మర్నాడు బండి చివరి వరసకి నేనే తెచ్చాను. కుర్చీలు మళ్లీ మా వైపు తిరిగాయి. వెండెల్ నా నారింజ రంగు కోటు తొడుక్కుని దిగబోయాడు.

"నువ్వు లోపలే కూర్చో" అన్నాను.

"వెనకాల ఒక మనిషి ఉండాలి. ఆ పనైనా చెయ్యనీ."

"వెండెల్, నీకు కనిపించదు."

"వాళ్లకి తెలీదుగా" అన్నాడు, కుర్చీల వైపు తల ఊపుతూ. పోనీలే అనుకున్నాను. బండి నడకంత వేగంగానే కదులుతుంది, నాకు అద్దం ఉంది.

బండిని తడుముకుంటూ వెళ్లి అద్దంలోకి వచ్చాడు. వెనకాల సిమెంటు గోడ ఉంది. దానికి వీపు ఆనించి నిలబడి రా, రా అన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు అద్దాలు చూసినవాడు కదా, సరిగ్గా నాకు కనిపించే చోటే నిలబడ్డాడు. నేను వచ్చాను. పదడుగులు. ఆరు. రా అన్నాడు. నాలుగు. చేతులు తల మీదికి వెళ్తాయేమోనని చూశాను, వెళ్లలేదు.

బ్రేకు తొక్కి బండి ఆపేశాను. ఇంజను మోత మాత్రం ఆగలేదు, బండి ఆగిందని అతనికి తెలియలేదు కాబోలు. అందరూ చూస్తుండగా, నారింజ రంగు కోటులో, నేను లేని వైపు నవ్వుతూ, నన్ను ఇంకా రమ్మంటూనే ఉన్నాడు.