ఆపరేషన్ అయిందా?

“పెద్దమ్మా, నీ పిత్తసంచి ఇదివరకే తీసేసినట్టు చూపిస్తుంది,” అంది అఖిల కంప్యూటర్ చూస్తూ.

జములమ్మ కుడి డొక్క పట్టుకుని నిలబడి ఉంది. పక్క గదిలో డాక్టరు ఇప్పుడే స్కాన్ చేసి, పిత్తసంచి నిండా రాళ్ళున్నాయని, చీము పట్టకముందే తీసెయ్యాలని చెప్పి పంపాడు.

“ఎవరు తీసిండ్రే? నాకు తెల్వకుండ ఎట్ల తీసిండ్రు?”

వనపర్తిలోని ఆ చిన్న ఆస్పత్రిలో సర్కారు బీమా కార్డులు చూసే ఉద్యోగం అఖిలది. ఇంట్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. పిత్తసంచి మనిషికి ఒకటే కాబట్టి దానికి బీమా డబ్బు ఒక్కసారే వస్తుంది. జములమ్మ కార్డు మీద ఆ డబ్బును పోయినేడాదే హైదరాబాదులో ఒక పెద్ద ఆస్పత్రి తీసేసుకుంది.

అడగ్గా అడగ్గా జములమ్మకు గుర్తొచ్చింది. వాళ్ళ ఊరు పెద్దమందడికి వ్యాన్ వచ్చింది, ఉచిత పరీక్షలన్నారు. తీసుకుపోయి రెండు రోజులు మంచం మీద పండబెట్టి, గ్లూకోజ్ ఎక్కించి, ఫొటో తీసి, గోలీలిచ్చి పంపారు.

“అన్నం మంచిగనే పెట్టిండ్రు బిడ్డా. కోతే పెట్టలే.”

అఖిల ఫిర్యాదు పంపింది. దొంగ ఆపరేషన్ కంటబడితే రాయాలని శిక్షణలో చెప్పారు, రాసింది.

కొన్నాళ్ళకు విచారణకు జయపాల్ అనే అధికారి వచ్చాడు. స్కాన్ చూసి తల ఊపాడు. తర్వాత ఫోన్ తీసి ఒక రికార్డింగ్ వినిపించాడు. ఆపరేషన్ అయ్యాక బీమా ఆఫీసు వాళ్ళు రోగికి ఫోన్ చేసి అడుగుతారు.

“ఆపరేషన్ అయిందామ్మా?” ఎవరో అమ్మాయి గొంతు.

“అయింది.” అది జములమ్మ గొంతే.

“డబ్బులేమైనా తీసుకున్నారా?”

“తీసుకునుడేంది, వాళ్ళే ఎదురిచ్చిండ్రు!”

జయపాల్ ఆపేశాడు. “ఇదేంది మరి?”

“పిల్లలు గాకుండ చేపిచ్చుకున్న ఆపరేషన్ సారూ అది! మా ఊళ్ళ ఆడామెను ఆపరేషన్ అయిందా అంటే గదే. చిన్నోడు పుట్టినంక అయింది. ఇంకేం అడుగుతరు మమ్మల్ని?”

అఖిలకు నవ్వొచ్చింది. జయపాల్‌కు రాలేదు.

“నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. కానీ ఆస్పత్రోళ్ళు వేరే మాటంటున్నరు. కార్డు ఇంకెవరికో ఇచ్చినవంట, అందుకే అయిందన్నవంట. తేలేదాక కార్డు బందే.”

“ఫొటోల ఈమే ఉంది కద సార్?” అంది అఖిల.

“మంచమ్మీద ఉన్న ఫొటోల ఉంది. కోసేటప్పటి ఫొటోల మొఖం ఉండదమ్మా.”

“అప్పటిదాక నొప్పి ఆగుతదా సార్?”

“నువ్వు ఫిర్యాదు పెట్టకుంటే కార్డు జోలికి ఎవ్వరూ రాకపోతుండె.”

సర్కారు దవాఖానలో రెండు నెలల తర్వాత రమ్మన్నారు. జములమ్మ కళ్ళు పచ్చబడ్డాయి. చేనుకు పోవడం మానేసింది. అప్పుడు ఆ హైదరాబాదు ఆస్పత్రి మనిషి దినేష్ ఆమెను కారులో ఎక్కించుకుని, నేరుగా అఖిల దగ్గరికే వచ్చాడు.

“మేడమ్, ఆపరేషన్ అయిందని ఫోన్ల అన్న మాటే నిజమని అక్క జయపాల్ సారుకు చెప్పేసింది. ఫిర్యాదు బందయింది, కార్డు తెరుచుకుంది. రేపే మా దగ్గర ఆపరేషన్. అపెండిక్స్ అని రాస్తం, తీసేది పిత్తసంచే.”

“పెద్దమ్మా, వీళ్ళు మళ్ళ పైసలు లేపుతుండ్రు!”

“లేపనీ. నా కడుపుల రాళ్ళు ఎవరు లేపుతరు? మీ జయపాల్ సారా?” అని జములమ్మ కుర్చీలో కూలబడింది. “గా అపెండిక్సు ఏందో గని, రేపు అది నొస్తే, నీకు అది లేనే లేదంటవ్ నువ్వే, గా కంప్యూటర్ డబ్బల చూసి.”



“మేడమ్, ఒక్క సాయం,” అన్నాడు దినేష్ గొంతు తగ్గించి. “రాత్రి నుంచి ఏం తినొద్దని అక్కకు మీరు చెప్పుండ్రి. ఆపరేషన్ కద, వాంతయితే పానం మీదికొస్తది. మా మాట నమ్ముతలేదు. మిమ్మల్ని అడిగినంకనే వింటనన్నది.”

జములమ్మ ఆమెనే చూస్తోంది. ఆ కళ్ళు పసుపు పూసినట్టున్నాయి.

“తినకు పెద్దమ్మా,” అంది అఖిల. “నీళ్ళు గూడ తాగకు.”

“గట్లనే బిడ్డా,” అంది జములమ్మ.