మూడున్నరకి విచ్చుకునే గొడుగు

పొద్దున్న లేవగానే దేవుడికి దణ్ణం పెట్టడం జ్ఞానప్రసూన ఎప్పుడో మానేసింది. ఇప్పుడు ట్యాంకుకి పెడుతుంది. అంటే చేతులు జోడించడం కాదు. మోకాళ్ళ మీద కూర్చుని ఉప్పెంతుందో, వేడెంతుందో చూసి, అద్దం అంచున పేరుకున్న తెల్లటి పొరని తడిగుడ్డతో తుడిచి, నిన్నటికీ ఇవాళ్టికీ తగ్గిన మేరకు వడకట్టిన మంచినీళ్ళు పోయడం. ఆవిరయ్యేది నీళ్ళేగానీ ఉప్పు కాదు. ఉప్పు ఉన్నచోటే ఉండి చిక్కబడుతుంది, మనుషుల్లో కక్షలాగా.

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఆ ఇంటి హాల్లో నాలుగడుగుల అద్దాల సముద్రం. అందులో రాళ్ళని కరుచుకుని తొమ్మిది పుట్టగొడుగు పగడాలు. పేరుకి పగడాలు, పట్టుకుంటే తడి తోలుముక్కలు. వెలుతురెక్కువైనా ముడుచుకుంటాయి, నీటి ఊపెక్కువైనా ముడుచుకుంటాయి. ప్రసూన వాటిని గొడుగులంటుంది. ఒక్కో గొడుగు ఒక్కో మనిషిది. ఆ మనిషి ప్రసూనని తలుచుకుంటే విచ్చుకుంటుంది, మరిచిపోతే మూసుకుంటుంది. ఆ వీధి తెలుగువాళ్ళు ఇంటికొస్తే చెప్పులు విడిచి, కాఫీకంటే ముందు తమ గొడుగు చూసుకుంటారు.

"నిన్న పన్నెండింటికి విచ్చుకుందా అక్కా? పప్పుచారు పెడుతూ నిన్నే తలుచుకున్నా" అంటుంది పక్కింటి సుగుణ.

"విచ్చుకుందిలే. అంచులు మాత్రం వంకర తిరిగాయి. ఏమని తిట్టుకున్నావు?"

"అబ్బే! నా కుక్కరు పట్టుకెళ్ళి నెలైందే అని, అంతే."

"మరి అలా చెప్పు. వాటికి మొహమాటం లేదమ్మా, నీకున్నట్టు."

కూతురు శ్రావ్య సిడ్నీలో, వెస్ట్‌మీడ్‌లో డాక్టరు. ఆ పిల్లది ఆకుపచ్చ గొడుగు. ఆదివారం పదకొండింటికి పది నిమిషాల ముందు విచ్చుకునేది, "అమ్మా, I have to go" అని ఫోను పెట్టెయ్యగానే మూసుకునేది. కూతురి ప్రేమకి రైళ్ళకున్నట్టు టైముటేబులుండటం ఏ తల్లికైనా గర్వకారణమే మరి.

నట్టనడుమ, అన్నిటికంటే మంచి రాయి మీద ఎర్రది మొగుడు చలపతిది. రెండేళ్ళ కింద అతను పెర్త్‌లో ఉద్యోగానికి వెళుతూ, "ఆర్నెల్లే. ట్యాంకు జాగ్రత్త, ఒక్కటి కూడా చావకూడదు" అన్నాడు. పెళ్ళాం జాగ్రత్త అని గోడకైనా చెప్పి వెళ్ళలేదు. గొడుగుల కోసమని ప్రసూన వృద్ధాశ్రమంలో ఉద్యోగం మానేసింది. ఆ ఎర్రదానికి వెలుతురు తగలకుండా రాయి అడ్డం పెట్టింది, పిచికారీతో దాని నోటికే రొయ్యపొడి అందించింది. పద్నాలుగు నెలలుగా అది ఎండు రేగిపండులా బిగుసుకునే ఉంది.

వెనక మూలలో గోధుమరంగుది ఒకటుంది. రాయితోపాటు అంటుకొచ్చింది, ఎవరిదో తెలీదు. రోజూ మధ్యాహ్నం మూడున్నరకి అరచెయ్యంత విచ్చుకుని, నాలుగు దాటాక మెల్లగా మూసుకుంటుంది. దానికేసి ప్రసూన చూసేది కాదు. చూడాల్సింది ఎర్రదాన్ని కదా.

ఆ సోమవారం పెర్త్ నుంచి కాగితాలొచ్చాయి. వెనకే ఫోను.

"ఇల్లు అమ్మేద్దాం. శుక్రవారంలోపు సంతకం పెట్టి పంపు. నువ్వు శ్రావ్య దగ్గరికెళ్ళు" అన్నాడు చలపతి.

"దానిది ఒక్క గది ఫ్లాటు."

"నువ్వేమన్నా ఏనుగువా? ఎంత చోటు కావాలేంటి?"

ప్రసూన ట్యాంకు ముందుకెళ్ళి నిలబడింది. "నన్నెప్పుడైనా తలుచుకుంటారా మీరు?"

"తలుచుకోకపోవడమేంటి? రోజూ తలుచుకుంటాను."

ఎర్రది అంచైనా కదపలేదు.

కళ్ళున్నవాళ్ళెవరికైనా అక్కడితో అర్థమవ్వాలి. ప్రసూన మాత్రం మనిషి అబద్ధమాడాడనుకోలేదు, గొడుక్కి జబ్బు చేసిందనుకుంది. మగాడి తప్పుకి మందు వెతకడంలో మన ఆడవాళ్ళని మించిన వైద్యులు లేరు. శుక్రవారంలోపు అది ఒక్కసారి విచ్చుకుంటే సంతకం పెట్టనని, పెర్త్ వెళ్ళి అతని గుమ్మంలో కూర్చుంటానని మనసులో అనేసుకుంది.

మందు వాళ్ళమ్మ చెప్పిందే. రాత్రంతా రాగిచెంబులో ఉంచిన నీళ్ళు పరగడుపున తాగితే ఒంట్లో మూసుకున్నవన్నీ తెరుచుకుంటాయని ఆవిడ చచ్చేదాకా చెప్పింది. ట్యాంకులో లోహం పడకూడదని సన్నీబ్యాంక్‌లో పెంపుడు చేపల షాపావిడ ఏనాడో హెచ్చరించింది. అది ఇనుము గురించనుకుంది ప్రసూన. రాగి దేవుడి లోహం, తీర్థమిచ్చేది దాంట్లోనే కదా. చింతపండుతో చెంబు తళతళా తోమి, నీళ్ళు నింపి మూతపెట్టి, బుధవారం పొద్దున్నే తెచ్చి సరిగ్గా ఎర్రదాని నెత్తిన ఒంపింది. చాలదని ఇంకో చెంబు.

మధ్యాహ్నానికి తొమ్మిదీ గుండీలంత అయిపోయాయి. ఎర్రదాని మీంచి జిగురు తీగలు సాగుతున్నాయి. సీసాలో నీళ్ళు పట్టుకుని, రైలూ బస్సూ మారి, సన్నీబ్యాంక్ చేరేసరికి ప్రసూన నాలుక పిడచకట్టుకుపోయింది. మోచేతులదాకా తడిసున్న ఆ చీనా షాపావిడ, సీసాలో పరీక్ష చుక్కలేసి చూసింది.

"Copper. ఎవరు పోశారు?" అంది ఇంగ్లీషులో.

"మా అమ్మ" అంది ప్రసూన.

"ఇండియా నుంచి వచ్చిందా?"

"పోయి పదకొండేళ్ళయింది."

షాపావిడ తలాడించింది. "అమ్మలంతే. మా అమ్మ నా ట్యాంకులో జిన్సెంగ్ వేరు వేసింది." లోహాన్ని పీల్చే సంచి ఒకటిచ్చి, బతికున్నవాటిని కొత్త ఉప్పునీళ్ళ బకెట్లోకి మార్చమంది.

ఇంటికి రాగానే ఆ సంచి ట్యాంకులో వేసి, బకెట్ సిద్ధం చేసి ఒక్కొక్కటే మార్చింది. గోధుమరంగుది మాత్రం రాయిని వదల్లేదు. బలంగా లాగితే, కాలి ముక్క కొంచెం రాయికే విడిచిపెట్టి ఊడొచ్చింది. ఎర్రదాన్ని తియ్యబోతే అది వేళ్ళ మధ్యనుంచి కరిగిపోయింది. మిగిలిన మడ్డిని టీ వడకట్టుతో తీసి పారబోసింది. లోపల ఏదో ఉంటుందనుకుంది. ఏమీ లేదు, వట్టి నీళ్ళు.

గురువారం ఇంట్లో ట్యాంకు మోటారు చప్పుడు కూడా లేదు. రెండేళ్ళలో మొదటిసారి ప్రసూనకి ఆ ఇల్లెంత పెద్దదో వినిపించింది. లాండ్రీలో, నేల మీద, బకెట్ పక్కన కూర్చుంది. ఎనిమిదీ కళ్ళు మూసుకున్నట్టున్నాయి. సుగుణ తలుచుకోలేదు, కూతురికి ఆదివారం రాలేదు.

మూడున్నరైంది.

గోధుమరంగుది కదిలింది. తెగిన కాలితో, ఒంట్లో విషంతో, ప్లాస్టిక్ బకెట్ అడుగున చీకట్లో మెల్లమెల్లగా విచ్చుకుని ఎప్పటికంటే పెద్దదైంది.

ప్రసూనకి ఏడుపు రాలేదు. కోపమొచ్చింది, తన మీదే. "ఎవరే నువ్వు? రోజూ నన్ను తలుచుకునే దిక్కుమాలినదానివి ఎవరివే?" అంది బకెట్లోకి వంగి.

ఒకప్పుడు మూడున్నరకి తనేం చేసేది? వృద్ధాశ్రమంలో టీ బండి తోసేది. అక్కడే పనిచేస్తున్న నీరజకి ఫోను కొట్టింది.

"నీరజా, మూడున్నరకి అక్కడ నన్నెవరు తలుచుకుంటారే?"

"ఇంకెవరాంటీ, డోరీన్! టీ బండి కనిపిస్తే చాలు, where's the cross one, ఆ చిరాకు మనిషేదీ అని మొదలెడుతుంది. కొడుకు పేరే గుర్తులేదావిడకి. ఆయనా రాడనుకోండి."

"మరి నేనెందుకు గుర్తున్నానుట?"

"మీరు తిట్టేవారుగా! మేమందరం darling, sweetheart అంటాం. మీరొక్కరే, ఇంకో బిస్కెట్ ముట్టుకుంటే చెయ్యి విరిచేస్తానని, మళ్ళీ మీరే రెండు పెట్టేవారు."

"రెండేళ్ళుగా అడుగుతుంటే నాకు చెప్పవేం?"

"మీరు ఫోనెత్తితేగా ఆంటీ!"

శుక్రవారం ప్రసూన సంతకం పెట్టింది. గుమ్మంలో కూర్చోవడానికి పెర్త్ వెళ్ళలేదు, శ్రావ్య గదిలో మూల కోసం సిడ్నీ వెళ్ళలేదు. కవరు పోస్టుబాక్సులో పడేసి, అదే చేత్తో బస్సాపి, మూడున్నరకి వృద్ధాశ్రమంలో టీ బండి నీరజ చేతిలోంచి లాక్కుంది.

కిటికీ పక్క కుర్చీలో డోరీన్ తలెత్తింది. ఇంకా చిక్కిపోయింది. చాలాసేపు చూసి, "You're late" అంది.

"నోరు మూసుకుని టీ తాగు" అంది ప్రసూన తెలుగులోనే.

డోరీన్‌కి అంతా అర్థమైనట్టే ఉంది. నవ్వుతూ బిస్కెట్ కోసం చెయ్యి చాపింది.

ఉద్యోగం మళ్ళీ ఇచ్చారు. వృద్ధాశ్రమం వెనక వీధిలో ఒంటిగది యూనిట్ దొరికింది. బకెట్లోని ఎనిమిదీ చిన్న ట్యాంకులో అక్కడికే చేరాయి. ఇల్లు ఖాళీ చేసే రోజు పాత రాళ్ళు కడుగుతుంటే, గోధుమరంగుది విడిచిన కాలి ముక్క కందిబద్దంత గొడుగై కనిపించింది. ఒక చోటు విడిచి వెళ్ళేటప్పుడు అవి ఆ పని చేస్తాయి. దాన్ని రాయితో సహా జామ్ సీసాలో పెట్టి, డోరీన్ కిటికీ నీడలో ఉంచి, ఇది విచ్చుకుంటే నిన్నెవరో తలుచుకున్నట్టని ఆవిడకి చెప్పింది. రోజూ ఉప్పునీళ్ళు తనే మోసుకెళ్ళి మారుస్తుంది.

మొన్నొక పొద్దున్న ఆరు కాకముందే నీరజ ఫోను చేసింది.

"ఆంటీ, సీసాలో అది అప్పుడే విచ్చుకుంది. డోరీన్ లేచి కూర్చుని, ఇంత పొద్దున్నే నన్ను తలుచుకునేదెవరని ఒకటే గొడవ. ఏం చెప్పను?"

ఆ ఒంటిగదిలో ప్రసూన అప్పుడు బిస్కెట్లు కాగితంలో చుడుతోంది. నాలుగు చుట్టి, ఆగి, ఇంకొకటి పెట్టింది.

"మూడున్నరదాకా ఆగలేని మనిషొకతి ఉందని చెప్పు" అంది.